రెండు గలీబులు

పెద్దాసుపత్రి వెనక, నేలమట్టానికి నాలుగు మెట్లు కిందికి ఉన్న ఆ లాండ్రీలో దేవుడి గురించి జరిగినంత వాదన ఏ మందిరంలోనూ జరిగి ఉండదు. దానికి కారణం దుప్పట్లు. తువ్వాలు ఒక్కరు మడత పెట్టొచ్చు, దిండు గలీబు ఒక్కరు మడత పెట్టొచ్చు. ఆసుపత్రి దుప్పటికి మాత్రం ఇద్దరుండాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి జరిగి, మళ్ళీ కలిపి, ఇలా రోజుకి ఐదారు వందలసార్లు ఇద్దరు మనుషులు ఒకరి మొహంలోకి ఒకరు చూసుకోవాలి. అంతసేపు నోరు మూసుకుని ఎవరుంటారు చెప్పండి?

ఆ ఇద్దరిలో ఒకావిడ మందిరం అక్క. తెల్లవారుజామున లేచి మందిరానికి వెళ్ళి, అట్నుంచటే పనికొస్తుంది గనక ఆ పేరు. రెండో ఆవిడ ప్లీడరమ్మ. ఆమె ప్లీడరు చదువు కాదు గదా, పదో తరగతే గట్టెక్కలేదు. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. దేవుడు లేడన్నది ఆ మూడు కాళ్ళలో ఒకటి. పదకొండేళ్ళుగా ఇద్దరూ ఒకే దుప్పటికి చెరో పక్కన నిలబడి తిట్టుకుంటున్నారు, ఒకరి డబ్బాలోది ఒకరు తింటున్నారు, "వదినా" అంటే "వదినా" అనుకుంటున్నారు. ఒకరు సెలవు పెట్టిన రోజు రెండో ఆవిడకి పనీ సాగదు, పొద్దూ పోదు.

వాళ్ళకి దుప్పట్లు అందేది రోలరు మిషను నుంచి. మిషనుకి అటు పక్క నిలబడి, ఉతికిన దుప్పట్లని వేడి రోలరు కిందికి తోసేది రోలరు చెల్లి. పాతికేళ్ళ పిల్ల. మాట తక్కువ. వీళ్ళ వాదన అంతా ఆ అమ్మాయి చెవిలోనే పడేది, ఎప్పుడైనా నవ్వేది తప్ప ఎవరి పక్షమూ పట్టేది కాదు. ఆమెకి అయిదేళ్ళ కూతురు. పుట్టుకతోనే తుంటి ఎముక సరిగా అమరలేదు. నడిస్తే ఒక పక్కకి ఒరిగిపోతుంది, మెట్లెక్కాలంటే ఏడుస్తుంది. ఎనిమిది నెలలు ఎదురు చూడగా పిల్లల ఆసుపత్రిలో ఆపరేషనుకి తేదీ దొరికింది, వచ్చే సోమవారం. ఆపరేషను తర్వాత నడుము నుంచి పాదాల దాకా కట్టు వేస్తారు. పదిహేను రోజులు తల్లి పక్కన ఉండి తీరాలి. మొగుడు లారీ మీద నెలకి ఇరవై రోజులు రోడ్ల మీదే. ఈ అమ్మాయికి ఉన్న సెలవులన్నీ పరీక్షలకీ ఎక్సరేలకీ తిరగడంలోనే అయిపోయాయి. సెలవు లేకుండా మూడు రోజులు మానితే ఆ లాండ్రీలో ఉద్యోగం ఊడినట్టే.

అయితే అక్కడ ఒక మంచి పద్ధతుంది. ఎవరికైనా కష్టం వస్తే మిగతావాళ్ళు తమ సెలవుల్లోంచి ఒకటో రెండో వాళ్ళకి రాసివ్వొచ్చు. ఒక చీటీ మీద ఎన్ని రోజులిస్తున్నారో రాసి సంతకం పెడితే చాలు. శనివారం నాలుగింటిలోగా చీటీలు మేస్త్రీ చేతికందితే సోమవారం నుంచి చెల్లుతాయి. ఆపరేషనుకి వారం ముందు, సోమవారం టీ వేళ మేస్త్రీ ఈ సంగతి అందరికీ చెప్పాడు. రోలరు చెల్లి తలొంచుకుని నిలబడింది. ఆమె నోరు తెరిచి అడగలేదు, మేస్త్రీయే ఆమె తరఫున అడిగాడు.

తగవు అక్కణ్ణుంచే మొదలైంది.

"చూస్తూ ఉండు వదినా, మా మందిరం వాళ్ళే ముందు రాస్తారు," అంది మందిరం అక్క దుప్పటి విదిలిస్తూ.

"ఎందుకు రాయరు? పైనొకాయన చూస్తున్నాడని భయం గదా! ఆయన చూడ్డంలేదని తెలిస్తే మీవాళ్ళు ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలరు."

"మరి మీవాళ్ళకి ఆ భయం కూడా లేదు గదా, ఎందుకిస్తారట?"

"జాలేసి ఇస్తారు. జాలికి దేవుడితో పనేముంది?"

"దేవుడు లేకపోతే ఆ జాలి ఎవరు పెట్టారు నీలో?"

"మా అమ్మ!"

ఇలా మాటా మాటా పెరిగి, మధ్యాహ్నం అయ్యేసరికి పందెం దాకా వచ్చింది. మంగళవారం పొద్దున మందిరం అక్కే రెండు కొత్త గలీబులు తెచ్చి, టైము కొట్టే యంత్రం పక్కనున్న కొక్కేలకి తగిలించింది. ఎడం గలీబు నమ్మేవాళ్ళది, కుడి గలీబు నమ్మనివాళ్ళది. ఎవరి చీటీ వాళ్ళ గలీబులో వెయ్యాలి. ఏ గలీబులో ఎక్కువ రోజులు పడితే ఆ పక్షం గెలిచినట్టు. ప్లీడరమ్మ ఓడితే ఒక తెల్లవారుజామున మందిరానికొచ్చి వెనక వరసలో కూర్చోవాలి. మందిరం అక్క ఓడితే ఒక పూట ప్రార్థన మానాలి. లాండ్రీ అంతా ఒకటే నవ్వులు. దుప్పట్లు ఆరబెట్టే డ్రయ్యరు బాబాయి ఎటువాడో తేలలేదు. పెళ్ళాం ఈడ్చుకెళ్తే మందిరానికెళ్తాడు, ఈడ్చుకెళ్ళకపోతే పడుకుంటాడు.

"నా రోజుని నిలువునా చింపి రెండింట్లో చెరో సగం పడెయ్యండమ్మా," అన్నాడాయన.

నిజం చెప్పాలంటే, ఆ పందెం పుణ్యమా అని చీటీలు బాగానే పడ్డాయి. ఊరికే అడిగితే 'చూద్దాంలే' అనేవాళ్ళు కూడా పౌరుషానికి రాసిచ్చారు. బుధవారం సాయంత్రానికి రెండు గలీబుల్లోనూ కాగితాలు కనిపిస్తున్నాయి. రోలరు చెల్లి ఇంటికెళ్తూ టైము కొట్టి, వాటివైపు ఒక్క క్షణం చూసి, చూసినట్టు ఎవరూ అనుకోకూడదన్నట్టు గబగబా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ప్లీడరమ్మ ఎడం గలీబులోకి తొంగి చూస్తూ దొరికిపోయింది. "అయిదేనా? మీ దేవుడి పలుకుబడి ఇంతేనా?" అని నవ్వి, తనవాళ్ళతో మరో రెండు రాయించింది. మందిరం అక్కకి ఒళ్ళు మండింది. ఎదుటివాళ్ళకి మన బలం తెలియబట్టే గదా ఈ తంటా! అందరూ వెళ్ళాక తన పక్షం చీటీలన్నీ తీసి, మడిచి, ఏప్రన్ జేబులో పెట్టుకుంది. శనివారం నాలుగింటికి అయిదు నిమిషాల ముందు ఒక్కసారిగా కుమ్మరిస్తే ప్లీడరమ్మ నోరు పడిపోవాలి. గురువారం పొద్దున ఎడం గలీబు ఖాళీగా ఉండడం ప్లీడరమ్మ చూసింది, ఎత్తు గ్రహించింది, తనవీ తీసి జేబులో వేసుకుంది. తోడుదొంగలు కూడా అంత ఒద్దికగా పనిచెయ్యరు. రెండు గలీబులూ గోడకి అంటుకుపోయి వేలాడాయి.

శుక్రవారానికి మందిరం అక్క జేబులో ఏడుగురి చీటీలున్నాయి. అందులో ఆమెదే పెద్దది. ఉన్న ఆరు రోజులూ రాసిచ్చేసింది. ఆ ఆరూ మందిరం వాళ్ళతో కలిసి యాత్రకి వెళ్దామని ఏడాదంతా ఒళ్ళు వెచ్చగా ఉన్నా పనికొచ్చి దాచుకున్నవి. రాసేటప్పుడు రెండుసార్లు కలం మూత పెట్టి మళ్ళీ తీసింది. ఆ మాట ఇక్కడ చెప్పకపోతే ఆమెకి అన్యాయం చేసినట్టవుతుంది. అది నిజమైన దానమే. రాశాక గుండె తేలికై, కళ్ళు చెమర్చి, ఇదంతా నమ్మకం వల్లనే సాధ్యమైందని గట్టిగా అనుకుంది. 'ప్లీడరు వదిన ఆరు రాస్తుందా? రాయదు' అని కూడా అనుకుంది. ఆ రెండో ఆలోచన మొదటిదాని కొంగు పట్టుకునే వచ్చింది.

ఆ పొద్దున రోలరు చెల్లి మొహం వాడిపోయి ఉండడం చూసి, మిషను చుట్టూ తిరిగి ఆమె దగ్గరికెళ్ళింది.

"ఏంటమ్మా, అలా ఉన్నావు?"

"ఏం లేదక్కా. నిద్ర పట్టలేదు."

"దేవుడి మీద భారం వెయ్యి చెల్లీ. రోజూ నీ కోసం ప్రార్థిస్తున్నాను."

అలా అంటున్నప్పుడు ఆమె ఎడం చెయ్యి ఏప్రన్ జేబులోనే ఉంది. వేళ్ళకి చీటీలు తగులుతూనే ఉన్నాయి. చెప్పేద్దామా అని ఒక్క క్షణం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మిషనుకి అటువైపు ప్లీడరమ్మ చెవులు రిక్కించుకుని ఉంది. రేపు సాయంత్రం ఈ పిల్ల ఎంత సంబరపడుతుందో అనుకుంటూ, పిల్లలకి మిఠాయి దాచిపెట్టినవాళ్ళలాగా నవ్వుకుంటూ వెనక్కొచ్చేసింది.

"అలాగే అక్కా," అంది రోలరు చెల్లి.

శనివారం నాలుగింటికి అయిదు నిమిషాల ముందు డ్రయ్యర్లు తప్ప మిషన్లన్నీ ఆపించారు. మందిరం అక్కా, ప్లీడరమ్మా ఎవరి జేబులోంచి వాళ్ళు చీటీలు తీసి చెరో గలీబులో వేశారు. రోలరు చెల్లి ఇంకా మిషనుకి అటు పక్కే ఉంది. మేస్త్రీ వాటిని మడతల బల్ల మీద బోర్లించి చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకీ ఈలలు, చప్పట్లు. నమ్మేవాళ్ళవి పదమూడు రోజులు. నమ్మనివాళ్ళవి పద్నాలుగు. ప్లీడరమ్మ ఎవరికీ చెప్పకుండా ఏడు రాసింది.

ఒక్క రోజు! మందిరం అక్క గుండెలో కలుక్కుమంది. 'చూద్దాంలే అక్కా' అన్న, చిరిగిన దుప్పట్లు కుట్టే ఆవిణ్ణి ఇంకాస్త బతిమాలి ఉంటే సరిపోయేది గదా, దేవుడి పరువు పోయింది గదా అనుకుంది. పదిహేను కావలసిన చోట ఇరవై ఏడు వచ్చాయన్నది ఆ క్షణంలో ఆమెకి తట్టనే లేదు. రోలరు చెల్లి అసలు గుర్తు రాలేదు. తర్వాత రోజుల్లో ఎన్నిసార్లు తల్చుకున్నా ఆమెకి తల కొట్టేసినట్టయ్యేది అందుకే. ఆ క్షణం మరొకరెవరికీ తెలియదు. తనకి తెలుసు.

"ఇరవై ఏడు రోజులమ్మా! రా, ఇలా రా," అని మేస్త్రీ పిలిచాడు.

రోలరు చెల్లి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బల్ల మీది చీటీల కుప్ప చూసింది. ఆ మొహంలో అందరూ ఎదురు చూసిన సంతోషం రాలేదు.

"ఇవన్నీ నాకేనా?"

"నీకే. ఇంకెవరికి?"

"నిన్న మధ్యాహ్నం పిల్లల ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది మేస్త్రీ గారూ. పదిహేను రోజులూ పాప దగ్గర ఎవరుంటారో గట్టిగా చెప్పమన్నారు. అటూ ఇటూ అంటే కుదరదన్నారు. ఎవరూ లేరని చెప్పేశాను. తేదీ ఇంకొకరికి ఇచ్చేశారు."

"మళ్ళీ ఎప్పుడన్నారు?"

"ఆరు నెలలన్నా పడుతుందన్నారు."

"మాకొక్క మాట చెప్పొచ్చు గదే పిచ్చిదానా!" అంది ప్లీడరమ్మ.

"బుధవారం గలీబుల్లో కాగితాలు కనిపించాయి వదినా. గురువారం చూస్తే లేవు. ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఆలోచించుకుని వెనక్కి తీసుకున్నారనుకున్నాను. ఎవరి ఇబ్బందులు వాళ్ళకుంటాయి గదా. ఇంకే మొహం పెట్టుకుని అడగను?"

డ్రయ్యరు చప్పుడులో ఈ మాటలేవీ వినపడని బాబాయి అప్పుడే చేతులు దులుపుకుంటూ వచ్చి, "ఇంతకీ ఎవరు గెలిచారు?" అన్నాడు.

"ఆబోతులు పోట్లాడుకుంటే లేగదూడ కాళ్ళు విరిగాయట," అన్నాడు మేస్త్రీ. అనేశాక ఆ పాప కాళ్ళు గుర్తొచ్చి నాలుక కరుచుకుని, చీటీలు పోగుచేసే వంకతో తల దించుకున్నాడు.

వదినలిద్దరూ ఏప్రన్లయినా విప్పకుండా పిల్లల ఆసుపత్రికి పరిగెత్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు, అయినా పరిగెత్తారు. కౌంటరులో ఉన్నావిడ ఓపికగానే వింది. "వదిలేసిన తేదీ మళ్ళీ రాదమ్మా. ఆ తేదీ దొరికిన పాపని రేపే తీసుకొచ్చి చేరుస్తున్నారు. వాళ్ళూ ఏడాదిగా ఎదురు చూస్తున్నారు," అంది. తిరిగొచ్చే బస్సులో ప్లీడరమ్మ కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. పదకొండేళ్ళలో ఇద్దరూ పక్కపక్కన అరగంట మాట్లాడుకోకుండా ఉండడం అదే మొదలు.

ఆదివారం తెల్లవారుజామున మందిరం అక్క ఎప్పటి చోటులోనే కూర్చుంది. కళ్ళు మూసుకుని రోలరు చెల్లి కోసం అడగడం మొదలుపెట్టింది. ఏదో ఒక దారి చూపించు, ఆ తేదీ ఎలాగైనా తిరిగి ఇప్పించు, నువ్వు తలుచుకుంటే ఎంతసేపు, ఆ రెండో పాపకి ఏ జలుబో, కాస్త జ్వరమో వస్తే...

చటుక్కున కళ్ళు తెరిచింది. చుట్టూ అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. ఎవరూ వినలేదు. కానీ ఆమె ఒళ్ళంతా చెమట పట్టింది. తను చేసిన తప్పు కప్పిపుచ్చుకోవడానికి, మొహం కూడా తెలియని ఒక బిడ్డకి జ్వరం తెప్పించమని దేవుణ్ణి అడుగుతోంది. ఇన్నేళ్ళ ప్రార్థనలో ఇలాంటివి ఇంకెన్ని అడిగిందో? అడుగుతున్నానని తెలియకుండానే అడిగిందేమో? సిగ్గుతో లేచి, చెప్పుల కోసం తడుముకుంటూ బయటికొచ్చేసింది.

ఆ మధ్యాహ్నం ప్లీడరమ్మ ఆమె ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే రాకుండా గుమ్మంలోనే కూర్చుంది.

"నాకు ముద్ద దిగడం లేదు వదినా," అంది. "చూసేవాళ్ళెవరూ లేరనేదాన్ని గదా ఇన్నాళ్ళూ. ఇవాళ రోడ్డు మీద వస్తుంటే కుక్కలు కూడా నన్నే చూస్తున్నట్టుంది."

"ఏడు రాశావు. నేను ఆరే రాశాను."

"పోనీలే, ఆ మాటెత్తకు. ఆ ఏడోది ఎందుకు రాశానో తెలుసా? నువ్వు ఆరు రాసుంటావని నా మనసుకి తెలుసు. ఆ పాప కాళ్ళ కోసం రాయలేదు ఏడోది." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒక పని చేద్దాం. చీటీలు చాలామంది శనివారమే ఇచ్చారని చెబుదాం. ముందిచ్చినవి మేస్త్రీ దగ్గర పెట్టామందాం. మేస్త్రీకి నేను చెబుతాను. ఆ పిల్లకి కూడా కాస్త తేలికవుతుంది. మన జేబుల్లో ఉన్నాయని తెలిస్తే ఏమైపోతుంది చెప్పు?"

మందిరం అక్క కాదనలేదు. అలా చెబితే ఎంత హాయిగా ఉంటుందో అనుకుంది కూడా.

సోమవారం పొద్దున రోలరు చెల్లి పనికొచ్చింది. ఆసుపత్రిలో ఉండవలసిన వేళకి రోలరు ముందు నిలబడి ఉంది. మిషను వేడెక్కేలోపు, చీటీలు రాసినవాళ్ళ దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి దణ్ణం పెట్టడం మొదలుపెట్టింది. కుట్టుమిషన్ల దగ్గరికెళ్ళింది, డ్రయ్యర్ల దగ్గరికెళ్ళింది. ఒక్కో దణ్ణానికీ అవతలి మనిషి మొహం దాచుకోవడానికి చోటు వెతుక్కున్నాడు. చివరికి మడతల బల్ల దగ్గరికొచ్చింది.

"ఉన్న ఆరూ రాసిచ్చేశారట గదక్కా. మేస్త్రీ గారు చెప్పారు. యాత్ర కోసం దాచుకున్నవట."

మందిరం అక్క దుప్పటి కొస చూసుకుంటూ నిలబడింది.

"తేదీ పోతే పోయింది. మీరిచ్చారు, అది చాలు. మా పాపకి చెప్పాను. రాత్రి పడుకునే ముందు తనే దణ్ణం పెట్టుకుని, 'ఆరు రోజులిచ్చిన పెద్దమ్మని చల్లగా చూడు దేవుడా' అంది. నేను నేర్పలేదక్కా, తనంతట తనే అంది."

ఎదురుగా ప్లీడరమ్మ కళ్ళతోనే సైగ చేసింది, మనం అనుకున్నది చెప్పు అన్నట్టు. మందిరం అక్క నోరు తెరిచింది. అనుకున్న అబద్ధం అక్కడే ఉంది, తేలిగ్గా, ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టుగా. దాన్ని ఎత్తి ఇచ్చేస్తే సరిపోతుంది. ఆ పాప దణ్ణం తనకే ఉండిపోతుంది.

"చెల్లీ, ఎవరూ వెనక్కి తీసుకోలేదమ్మా," అంది. "బుధవారం రాత్రి గలీబులోంచి చీటీలు తీసింది నేను. ఈ వదినకి లెక్క తెలియకూడదని దాచాను. శనివారం దాకా నా దగ్గరే ఉన్నాయి."

"నేనూ దాచాను," అంది ప్లీడరమ్మ నేల చూపులు చూస్తూ.

రోలరు చెల్లి మందిరం అక్క వైపు తిరిగింది.

"మరి శుక్రవారం పొద్దున మీరు నా దగ్గరికొచ్చి, నా కోసం ప్రార్థిస్తున్నానన్నారు. అప్పుడు?"

"అప్పుడూ జేబులోనే ఉన్నాయి."

"నాతో మాట్లాడుతున్నప్పుడు కూడానా అక్కా?"

"చేత్తో పట్టుకునే ఉన్నాను."

తిడుతుందేమోనని చూసింది మందిరం అక్క. తిడితే బాగుండునని చూసింది. ఆ పిల్ల తిట్టలేదు, ఏడవలేదు. పెట్టబోయిన దణ్ణం కోసం దగ్గరికి తెచ్చిన చేతులు మాత్రం మెల్లగా విడిపోయాయి. మిషను వేడెక్కిందని గంట మోగింది. రోలరు చెల్లి రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగింది.

"పాపకి చెప్పనులెండక్కా," అంది.

మిషను చుట్టూ తిరిగి తన చోటుకి వెళ్ళి, మొదటి దుప్పటి రోలరు కిందికి తోసింది. అది వేడిగా ఇటువైపు వచ్చింది. వదినలిద్దరూ చెరో రెండు కొసలూ పట్టుకున్నారు గానీ, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకోలేకపోయారు.